ముప్పై ఆరు దగ్గర ఆగిన గీత

ఆ వేసవి మాట ఎత్తితే చాలు, మా ఆయన ఇప్పటికీ "ఆ ఏడు ఎండలు మరీ విపరీతం" అని మొదలుపెడతాడు. వినగానే నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ ఏడు ఎండలు ఎప్పటిలాగే ఉన్నాయి. నిజం చెప్పాలంటే అంతకుముందు ఏడు కన్నా ఒక పిసరు తక్కువే. ఎండల లెక్కలు చూడడమే నా పని కాబట్టి ఈ మాట నోటికొచ్చినట్టు అనడం లేదు.

మా ఇద్దరిదీ ఒకే వృత్తి, చెరి సగం. ఒక భవనం ఎంత వేడెక్కుతుందో కంప్యూటర్లో లెక్క కట్టి ముందే చెప్పడం నా వంతు. ఎండ ఎంత పడుతుంది, గోడ ఎంత పీల్చుకుంటుంది, యంత్రాలు ఎంత వేడి కక్కుతాయి, మనుషుల ఒళ్లు ఎంత వేడి వదులుతాయి, అన్నీ అందులోకి వస్తాయి. అయితే నా లెక్కకు ఒక గుడ్డితనం ఉంది. గది ఎంత పెద్దదైనా సరే, మొత్తానికి ఒకటే ఉష్ణోగ్రత ఇస్తుంది. కిటికీ దగ్గర కాళ్లు చాపుకున్నవాడికీ మూల నక్కినవాడికీ ఒకటే అంకె. మా ఆయన లెక్క గాలిది. గాలి ఎటు నుంచి ఎటు పోతుందో, ఎక్కడ సుడి తిరుగుతుందో, ఎక్కడ కదలకుండా మురిగిపోతుందో అది బెత్తెడు బెత్తెడు చొప్పున చూపిస్తుంది. కాకపోతే గోడలు ఎంత వేడిగా ఉన్నాయో దానికి ఎవరో ఒకరు చెప్పాలి.

అందుకే రెండు లెక్కల్నీ ముడిపెట్టి నడిపిస్తాం. నా గోడల వేడి ఆయనకు పోతుంది. ఆయన గాలి నాకు వస్తుంది. ఆ గాలిని బట్టి నా గోడలు మారతాయి, మారిన గోడలు మళ్లీ ఆయనకు పోతాయి. రెండూ ఒక మాట మీదికి వచ్చేదాకా ఇదే తంతు. ముందుగదిలో రెండు బల్లలు వేసుకుని, వీపులు తిప్పుకుని కూర్చుని ఈ పని చేసేవాళ్లం.

"తోడికోడళ్లు గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్నట్టుంది మీ వ్యవహారం. ఎప్పుడైనా ఒక గిన్నె పోతుంది చూడండి," అని మా అత్తయ్య ఆటపట్టించేది.

అత్తయ్య ఇంట్లో కూర్చునే మనిషి కాదు. ఒక పెద్ద ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ విభాగం అంతా ఆవిడ చేతిలోనే ఉండేది. దుప్పట్లు, గౌన్లు, ఆపరేషన్ గుడ్డలు అన్నీ ఆవిడ కళ్ల ముందు నుంచే పోవాలి. అక్కడ ఆవిడ అందరికీ పెద్దక్క. మడత వంకరగా వస్తే "ఇది దుప్పటా, నీ మొహమా?" అని అడిగేది. తిట్టించుకున్నవాళ్లే సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని టీ తాగేవాళ్లు.

చలి తగ్గే రోజుల్లో ఆ లాండ్రీని పెరటి రేకుల షెడ్డులోంచి పెద్ద భవనం కింది అంతస్తుకు మార్చారు. కొత్త హాలు, ఆవిరితో ఇస్త్రీ చేసే కొత్త ప్రెస్సులు. చిక్కల్లా తలుపు దగ్గర వచ్చింది. ఆ తలుపు తెరిస్తే ఎదురుగా రోగుల్ని చూడడానికి వచ్చేవాళ్లు లిఫ్టుకు నడిచే నడవా. ఆవిరి, చప్పుడు, మురికి గుడ్డల మూటలు వాళ్ల కంట పడడం ఆసుపత్రి మేనేజరుకు నచ్చలేదు. తలుపు ఎప్పుడూ మూసే ఉండాలన్నాడు. మనుషులు పనిచేసే చోట ఎక్కడా వేడి ముప్పై ఏడు డిగ్రీలు దాటకపోతేనే మూయనిస్తామని ఆసుపత్రి భద్రతా విభాగం అడ్డం తిరిగింది. ఎవరో ఒకరు లెక్క కట్టి చెప్పాలి. అప్పుడు మా అత్తయ్య ముందుకొచ్చి, "మా ఇంట్లోనే ఇద్దరున్నారు సార్, ఒకరు వేడికీ ఒకరు గాలికీ," అందట.

ఆ రోజు ఇంటికొచ్చిన అత్తయ్య మొహం చూడాలి. చెప్పులు విప్పకుండానే విషయం చెప్పేసింది.

"తలుపేసుకుంటే లోపల ఉడికిపోమా అని మావాళ్ల గోల. నేనేం చెప్పానో తెలుసా? మా వాడు గాలిని కంటితో చూస్తాడు, వాడు సరేనంటే సరే, వద్దంటే వద్దు అన్నాను. జాగ్రత్తగా చెయ్యరా."

"నువ్వేం బెంగపెట్టుకోకమ్మా," అన్నాడు మా ఆయన, "లెక్క అబద్ధం చెప్పదు."

నా సగం నేను కట్టి ఇచ్చాను. ప్రెస్సులు ఎంత ఆవిరి వదులుతాయో దగ్గరుండి కొలిచి మరీ ఇచ్చాను. ఈలోగా ఒక శీతల గిడ్డంగి పని మీద నేను ఊరు దాటి వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి నివేదిక వెళ్లిపోయింది. తలుపు మూసుకోవచ్చు అని తేల్చారు.

"ఆ చివర మూల సంగతేంటి?" అని అడిగాను. హాలు పొడుగ్గా ఉంటుంది. ఒక చివర తలుపు, రెండో చివర గోడ వెంబడి వరసగా ప్రెస్సులు. ఆ ప్రెస్సుల పక్కన మూలలో ఒక బల్ల ఉంది. రోగుల గౌన్లకు ఊడిన గుండీలూ తెగిన నాడాలూ కుట్టే ఆవిడ అక్కడ కూర్చుంటుంది. నాకు మొదటి నుంచీ ఆ మూల మీదే అనుమానం.

"హాలు మొత్తం మీద ముప్పై మూడు. ఆ మూల ముప్పై ఆరు. హద్దు ముప్పై ఏడు. ఇంకేం కావాలి నీకు?"

"గ్రాఫు చూపించు."

"అయిపోయిన పెళ్లికి మేళం ఎందుకే? పంపేశాను. వాళ్లు మెచ్చుకున్నారు కూడా."

ఎండలు ముదిరాయి. ఒక రోజు అత్తయ్య కళ్లద్దాలు మర్చిపోయి వెళ్తే ఇవ్వడానికి లాండ్రీకి వెళ్లాను. నడవా చల్లగా, శుభ్రంగా ఉంది. తలుపు తోసి లోపలికి అడుగుపెట్టగానే ఆవిరి మొహాన కొట్టింది. తలుపు దానంతటదే వెనక్కి వచ్చి మూసుకుంది. దానికి స్ప్రింగు పెట్టించారు. ఎర్ర రంగుతో 'తలుపు మూసి ఉంచవలెను' అని రాయించారు కూడా.

నేను ఉండగానే ఒకావిడ మూట మోసుకొచ్చి, తలుపు మూసుకోకుండా ఒక బుట్ట అడ్డం పెట్టింది. అత్తయ్య హాలు ఆ చివర్నుంచే అరిచింది.

"ఎవరే అది! బుట్ట తియ్యి!"

"ఒక్క చిటికెలో తీసేస్తా పెద్దక్కా. ఊపిరాడట్లేదు."

"నీ ఊపిరికేమయిందే, నిక్షేపంలా అరుస్తున్నావుగా! మా వాడు తలుపు మూసే లెక్క కట్టాడు. నువ్విలా తెరిస్తే ఆ గాలంతా తారుమారైపోతుంది." అని వచ్చి, కాలితో బుట్టను పక్కకు నెట్టింది. తలుపు మూసుకుంది.

మూల బల్ల దగ్గర గుండీల పిన్ని నవ్వింది. అందరూ ఆవిడను అలాగే పిలిచేవాళ్లు. సన్నటి మనిషి, నెత్తి మీద తడి తువాలు, పళ్ల మధ్య దారం.

"మీ వాడి గాలి పాపం దారి తప్పినట్టుంది పెద్దక్కా, నా దాకా రావట్లేదు. కాస్త అడ్రసు చెప్పి పంపించమను."

హాలంతా నవ్వింది. అత్తయ్య కూడా నవ్వింది. నవ్వుతూనే ఏప్రన్ అంచుతో మెడ తుడుచుకుని, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"నాకూ ఉక్కపోస్తోందనుకో. వయసు మీద పడుతోంది కదా, అందుకే."

తన ఒంటి మీది చెమట కన్నా కొడుకు చెప్పిన అంకెనే నమ్మింది ఆవిడ.

ఇంటికి రాగానే ఆయన్ను అడిగాను. అది ముప్పై ఆరు కాదు, నా ఒంటికి తెలుస్తోంది అన్నాను.

"ఒంటికి తెలిసేది వేరు. ఆవిరి కదా, చెమ్మ ఎక్కువ. అందుకే అలా అనిపిస్తుంది," అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

"ఆ మూల గ్రాఫు ఇవ్వు, నేను ఒకసారి చూస్తాను."

"ఇస్తా, ఇస్తా. నువ్వు వేడిదానివి, గాలి సంగతి నాకు వదిలెయ్యి."

ఆ హాస్యం మా ఇద్దరి మధ్యా పాతదే. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. తర్వాత రెండుసార్లు అడిగాను. రేపిస్తానన్నాడు, ఎక్కడో పెట్టానన్నాడు. గోడకు చెప్పుకున్నా ఆ గోడ కాస్త వేడెక్కేదేమో.

ఆ మరుసటి వారం ఒక మధ్యాహ్నం, ఎప్పుడూ రాని వేళలో అత్తయ్య ఇంటికి వచ్చింది. ఏప్రన్ ఇంకా ఒంటి మీదే ఉంది. కుర్చీలో కూర్చుని, నేనిచ్చిన నీళ్లు తాగకుండా చేతిలోనే పట్టుకుంది.

"గుండీల పిన్ని పడిపోయింది," అంది.

"ఎలా?"

"గుండీ కుడుతూ కుడుతూ బల్ల మీద తల వాల్చింది. కునుకు తీస్తోందనుకున్నాం. నవ్వుకున్నాం కూడానూ. నేనే అన్నాను, రాత్రంతా ఏం చేశావే అని. పలకలేదు. చెయ్యి పట్టుకుంటే సలసలా కాలిపోతోంది, చెమట చుక్క లేదు."

ఆసుపత్రిలోనే ఉన్నారు కాబట్టి పైకి తీసుకెళ్లడం ఒక్కటే తేలికైందట. ఒళ్లు లోపల ఉడికిపోయింది, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, బతుకుతుంది కానీ ఇదివరకటి మనిషి కాదు అని డాక్టరు చెప్పాడట.

అత్తయ్య గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

"దానికి లోపల ఎప్పట్నుంచో ఏదో జబ్బు ఉండి ఉంటుంది కదే? గాలి బాగానే ఉంది కదా. వాడు చూశాడు కదా."

నేను అవునంటే ఆవిడ ఆ పూట అన్నం తినేది. నేను గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లాను. ఆవిడ లేచి వెళ్లి మొహం కడుక్కుంది.

ఆయన బయటికెళ్లాడు. నేను ఆయన బల్ల దగ్గర కూర్చుని ఆ లెక్క తెరిచాను. మా ఇద్దరికీ ఒకరి కంప్యూటరు ఒకరు వాడుకోవడం అలవాటే, దొంగతనమేమీ కాదు. మూల బల్ల దగ్గర వేడి రోజంతా ఎలా మారుతుందో గీత గీయించాను.

పొద్దున్న గీత మామూలుగా ఎక్కింది. ప్రెస్సులు వేసిన వేళకు జోరుగా ఎక్కింది. ఎక్కి, ముప్పై ఆరు దగ్గర ఆగింది. ఆగి, సాయంత్రం ప్రెస్సులు కట్టేసేదాకా వెంట్రుకవాసి కదలకుండా అడ్డంగా పోయింది. మర్నాటిదీ అంతే. ఆ పై రోజుదీ అంతే. గీతల నెత్తులన్నీ కత్తిపెట్టి కోసినట్టు ఒకే ఎత్తున ఉన్నాయి. నేను ఇన్నేళ్లుగా వేడిని చూస్తున్నాను. వేడి ఎక్కుతుంది, దిగుతుంది, వంపు తిరుగుతుంది. ఎవరైనా పట్టి ఆపితే తప్ప అలా బల్లపరుపుగా ఉండదు. ఎక్కడ పట్టి ఆపారో వెతికాను. ఎంతో సేపు పట్టలేదు. గాలి వేడికి పై హద్దు ముప్పై ఆరు అని ఆయనే లెక్కలో రాసి పెట్టిన ఒక్క వరస దొరికింది.

ఆయన వచ్చేసరికి తెర మీద ఆ గీత అలాగే ఉంచాను. చూశాడు. చేతిలో సంచి కింద పెట్టడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"ఏంటిది?" అన్నాను.

"అది... లెక్క పేలిపోతుంటే పెట్టాను."

నాకు అర్థమైంది. ఆ రెండు లెక్కలూ గంటకోసారి మాట్లాడుకునేలా పెట్టాడు. ప్రెస్సులు ఒక్కసారిగా వేడెక్కిన గంటలో నా గోడలు ఎగిరిపడతాయి, అది చూసి ఆయన గాలి ఎగిరిపడుతుంది, దాన్ని చూసి మళ్లీ నా గోడలు. అంకెలు నూరూ ఇన్నూరూ దాకా పోయి లెక్క ఆగిపోతుంది. అలా ఆగకుండా తాత్కాలికంగా ఒక మూత పెట్టడం మా పనిలో అందరూ చేసేదే. లెక్క కుదురుకున్నాక మూత తీసేసి మళ్లీ నడపాలి. అదీ అందరికీ తెలిసిందే.

"మరి తియ్యలేదేం?"

"తీద్దామనే అనుకున్నాను. గడువు దగ్గరపడింది. నువ్వా లేవు."

"నేను లేకపోతే నీకు చేతులు లేవా? సరే, ముప్పై ఆరే ఎందుకు పెట్టావు?"

"అంతకు మించి వెళ్లదని..."

"వెళ్లదనుకుని, వెళ్లకుండా కట్టేసి, చూడండి వెళ్లలేదు అని రాసిచ్చావు! మీ అమ్మకు!"

"అరవకు. అమ్మ వింటుంది."

"వినాలి!"

"నీకు ఎప్పుడు తెలిసింది?" అని తర్వాత నెమ్మదిగా అడిగాను. అరవడం కన్నా ఆ ప్రశ్న అడగడమే నాకు కష్టమైంది.

నేను మొదటిసారి గ్రాఫు అడిగిన రోజే తెలిసిందట. గీత మూతకు తగిలి ఆగిపోయిందని చూసుకున్నాడట. వేసవి ఎలాగోలా గడిచిపోతే, వచ్చే ఏడు సరిచేసి కొత్త నివేదిక ఇద్దామనుకున్నాడట.

గడిచిపోతే. ఎవరికి? నాకు ఆ క్షణాన చేతికందిన ఏ వస్తువైనా విసిరేయాలనిపించింది. చేతికందింది గుండీల పిన్ని మూల, ఆ తెర మీద. విసరలేదు. కుర్చీ ముందుకు లాక్కుని ఆ వరస తీసేశాను. రెండు లెక్కలూ అయిదేసి నిమిషాలకోసారి మాట్లాడుకునేలా పెట్టి, మళ్లీ మొదట్నుంచీ నడిపించాను. ఆయన నా వెనక నిలబడే ఉన్నాడు. కూర్చోమని నేను అనలేదు.

మూత తీసిన గీత మధ్యాహ్నానికి నలభై మూడు దాటింది. లేచి, వంపు తిరిగి, దిగింది. నిజమైన వేడి ఎలా ఉంటుందో అలా ఉంది. తర్వాత తలుపు తెరిచిపెట్టి ఇంకోసారి నడిపించాను. నడవాలోని చల్లగాలి నేల వెంబడి పాకి ఆ మూల దాకా వెళ్లింది. వేడిగాలి కప్పు వెంబడి వెనక్కి వచ్చి తలుపు పైభాగంలోంచి బయటికి పోయింది. మూల బల్ల దగ్గర ముప్పై అయిదు.

"అత్తయ్యకు నువ్వే చెప్పాలి. కొడుకువి," అన్నాను.

"మేనేజరు అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడదామన్నాడు. అక్కడే అందరి ముందూ చెప్పేస్తాను. రెండుసార్లు చెప్పే ఓపిక నాకు లేదు."

ఆయన మొహం చూసి నమ్మాను. మీటింగు దాకా ఆ రెండు రోజులూ, మూల బల్ల ఖాళీగానే ఉందిలే అని సర్దిచెప్పుకుని, అత్తయ్య ఎదురుపడితే నేను వేరే పని వెతుక్కుని తప్పుకున్నాను.

మీటింగు లాండ్రీ హాల్లోనే పెట్టారు. ప్రెస్సులు ఆపారు. ఇస్త్రీవాళ్లూ మడతలవాళ్లూ బల్లలకు ఆనుకుని నిలబడ్డారు. మూల బల్ల మీద సగం కుట్టిన గౌను, దానికి గుచ్చిన సూది అలాగే ఉన్నాయి. ఎవరూ తీయలేదు. అత్తయ్య వాళ్లందరికీ ముందు, చేతులు కట్టుకుని నిలబడింది. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. జరిగింది చాలా బాధాకరమన్నాడు. మనమంతా ఒకే కుటుంబమన్నాడు. ఆ మాట అన్నవాడు ఆ హాల్లో మధ్యాహ్నం పూట ఒక్క టీ తాగి ఎరగడు. తర్వాత మా ఆయన వైపు చెయ్యి చూపించాడు.

మా ఆయన లేచాడు. వాళ్లమ్మ వైపు చూశాడు. ఆవిడ గడ్డం కాస్త పైకెత్తింది. మా వాడు మాట్లాడబోతున్నాడు, వినండి అన్నట్టు.

"ఈ ఏడు ఎండలు మరీ విపరీతం," అన్నాడు మా ఆయన. "మేము మామూలు ఎండలకు లెక్క కట్టాం. ఎవరూ ఊహించలేదు. వచ్చే వేసవికి కొన్ని మార్పులు సూచిస్తాం."

"ప్రకృతి ముందు మనమెంత!" అన్నాడు మేనేజరు, గండం గడిచినవాడిలా.

అత్తయ్య తల ఊపింది. వెనక్కి తిరిగి, "విన్నారుగా?" అంది తనవాళ్లతో.

కాపురమా, ఉద్యోగమా, నలుగురిలో పరువా, అవన్నీ తూకం వేసి మాట్లాడానని చెబితే అబద్ధం. కోపంతో లేచాను, అంతే.

"ఎండలు మామూలుగానే ఉన్నాయి. లెక్కే తప్పు," అన్నాను.

మేనేజరు కళ్లు చిట్లించాడు. "అమ్మా, మీరు తర్వాత..."

"తర్వాత కాదు, ఇప్పుడే. ఆ మూల వేడి ముప్పై ఆరు దాటకుండా కంప్యూటర్లో మేమే ఆపేశాం. ఆపిన సంగతి చెప్పకుండా నివేదిక ఇచ్చాం. అక్కడ నలభై మూడు ఉంటోంది. ఈ తలుపు మూయకూడదు."

మా ఆయన నేల చూస్తున్నాడు. అత్తయ్య కొడుకు వైపు చూడలేదు. నా వైపే చూసింది. చాలా మామూలుగా, ఇంట్లో ఏదో వస్తువు ఎక్కడుందని అడిగినట్టు అడిగింది.

"అయితే తలుపు తెరిచి ఉంటే దానికి ఏమీ అయ్యేది కాదా?"

అక్కడ నేనొక అబద్ధం ఆడొచ్చు. చెప్పలేమత్తయ్యా, ఒక్కో ఒళ్లు ఒక్కోలా ఉంటుంది అనొచ్చు. ఆ ముప్పై అయిదు నేను కళ్లారా చూడకపోయి ఉంటే అనేదాన్నేమో. ఆవిడను అలాంటి ప్రశ్న అడిగే స్థితికి తెచ్చిన మనిషి నా పక్కనే నిలబడి ఉన్నాడు. జవాబు మాత్రం నా నోటి నుంచి రావాలి. అందుకు ఆయన్ను నేను ఇంకా క్షమించలేదు.

"అయ్యేది కాదత్తయ్యా," అన్నాను.

అత్తయ్య తల ఊపింది. హాలు ఈ చివర్నుంచి ఆ చివరకు నడిచింది. తలుపు బార్లా తెరిచి, తడిగుడ్డల బండిని లాక్కొచ్చి దానికి అడ్డం నిలిపింది. బండి చక్రాలు కాలితో తొక్కి బిగించింది. తిరిగొచ్చి మూల బల్ల దగ్గర నిలబడి, గౌనుకున్న సూది తీసి, దారం చుట్టి, జేబులో పెట్టుకుంది.

కాసేపటికి మా అందరి కాళ్లకూ చల్లగా తగిలింది. లిఫ్టు కోసం వెళ్తున్న ఇద్దరు ఆగి, లోపలికి తొంగిచూసి వెళ్లిపోయారు.

"పెద్దమ్మా, ఆ బండి..." అన్నాడు మేనేజరు.

"ఉంటుంది," అంది అత్తయ్య.

ఆ బండి అక్కడే ఉంది. తీయడానికి ఒకసారి మనుషుల్ని పంపితే, ఇస్త్రీవాళ్లు ప్రెస్సులు ఆపేసి నడవాలో వరసగా నిలబడ్డారు. పైన ఆపరేషన్ గదికి గుడ్డలు అందకపోయేసరికి మేనేజరు దిగొచ్చాడు. వానలు మొదలయ్యేలోపు మూల గోడకు కన్నం కొట్టి, వేడిగాలి లాగేసే పంఖా పెట్టారు. ఆ లెక్క నేను కట్టాను. గాలి పని కూడా నేర్చుకుని రెండు సగాలూ నేనే కట్టాను. ఆయన తన బల్ల లోపలి గదికి మార్చుకుని, ఇళ్ల ప్లాన్లు గీసుకుంటున్నాడు. నేను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. మా మీద ఫిర్యాదు పెడతానన్న మేనేజరు ఎందుకో పెట్టలేదు. తలుపు మూయమన్నది ఎవరో అందులో రాయాల్సి వస్తుందని కాబోలు.

గుండీల పిన్ని మళ్లీ పనిలోకి రాలేదు. అత్తయ్య ప్రతి సెలవు రోజునా వాళ్లింటికి వెళ్లేది. ఏం మాట్లాడుకుంటారని ఒకసారి అడిగాను.

"అది మాట్లాడుతుంది. నేను వింటాను," అంది. ఆ మధ్యాహ్నం తర్వాత ఆవిడ నోట 'మా వాడు' అన్న మాట నేను వినలేదు. కొడుకును తిట్టనూ లేదు. కంచంలో వడ్డించేది, బట్టలు మడతపెట్టేది, ఒంట్లో బాగాలేకపోతే నుదురు పట్టుకుని చూసేది. ఆయన పని గురించి మాత్రం ఒక్క ప్రశ్న అడిగేది కాదు. తిడితే ఆయన బతికిపోయేవాడు.

ఇంకో మార్పు కూడా వచ్చింది. మా ఇంటి వీధి తలుపు ఆవిడ మూయనివ్వదు. వాన కొట్టినా, దుమ్ము లేచినా తెరిచే ఉండాలి. చలికాలం వచ్చాక ముందుగదిలో కూర్చుని నేను వేళ్లు రుద్దుకుంటూ పనిచేసేదాన్ని. నాకూ కష్టంగానే ఉండేది. అయినా లేచి వేయలేదు.

ఆ చలిలోనే ఒక రోజు మా ఆయన స్నేహితుడు భార్యతో కలిసి వచ్చాడు. ఆవిడ చేతులు ముడుచుకుని కూర్చుని, "ఇంత చలిలో తలుపు బార్లా పెట్టారేంటండీ?" అని నవ్వుతూ అడిగింది.

అత్తయ్య గోడవార కుర్చీలో ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది. మా ఆయన ఒకసారి ఆవిడ వైపు చూసి, ఇబ్బందిగా నవ్వాడు.

"అది... పోయిన వేసవిలో లాండ్రీలో చిన్న సంగతి జరిగిందిలెండి. ఆ ఏడు ఎండలు మరీ విపరీతం..."

"ఎండలు మామూలుగానే ఉన్నాయిరా," అంది అత్తయ్య, దుప్పటి అంచులు కలుపుతూ. వాళ్ల వైపు తిరిగి, అడిగినదానికి జవాబుగా చెప్పింది. "తలుపు నేనే వేశానమ్మా. వద్దని అందరూ అంటున్నా, ఈ చేతులతో నేనే వేశాను."

వచ్చినవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. నేను మా ఆయన వైపు చూశాను. ఇప్పుడైనా నోరు తెరిచి "కాదమ్మా, నేను" అంటాడని చూశాను. రెండే మాటలు. అత్తయ్య కూడా మడతపెట్టడం ఆపి, ఒక్క క్షణం ఆగింది.

ఆయన వీధి వైపు చూశాడు. "గాలి బాగా చల్లగా వీస్తోంది," అని, భుజాల మీద శాలువా సర్దుకున్నాడు.